చలిలో సాధన ఏం నేర్పుతుంది: ఊపిరి, భుజాలు, వేళ్లు

మీ ప్రశ్నలో నాకు అర్థమైంది ఇదీ. మీకు 34 ఏళ్లు. రెండేళ్లుగా కరాటే నేర్చుకుంటున్నారు. వచ్చే నెలలో మీ గురువుగారు వరసగా పది రోజులు, తెల్లవారకముందే, ఆరుబయట, ఒట్టి కాళ్లతో సాధన పెడుతున్నారు. పూర్వం నుంచీ ఉన్న పద్ధతి, ఓర్పు పెరుగుతుంది అన్నారు. మీకేమో చిన్నప్పటి నుంచి కొద్దిగా ఆస్తమా ఉంది. ‘దీనివల్ల నిజంగా ఏమైనా ఒరుగుతుందా, లేక బాధ పడటమే గొప్ప అనుకోవడమా? నేను వెళ్లాలా వద్దా? గురువుగారితో ఏం చెప్పాలి?’ అని అడిగారు.

ఒరుగుతుంది. వెళ్లండి కూడా, కొన్ని జాగ్రత్తలతో. అయితే చలి మీ దమ్ము పెంచుతుందనో, కండ గట్టిపడుతుందనో అనుకుని మాత్రం వెళ్లకండి. చలి ఇచ్చేది వేరే ఉంది. అది తెలియక చాలామంది పది రోజులూ పళ్లు కొరుక్కుని నిలబడి, ఏమీ నేర్చుకోకుండానే ఇంటికెళ్లిపోతారు. నేను జూడో 28 ఏళ్లుగా చేస్తున్నాను, మధ్యలో కొన్నేళ్లు కరాటే కూడా చేశాను. ఇలాంటి చలికాలపు సాధనల్లో మొదట శిష్యుడిగా, తర్వాత నేర్పేవాడిగా 18 సార్లు పాల్గొన్నాను. ఒకసారి నా తప్పు వల్లే ఒక కుర్రాడు గాయపడ్డాడు. అది కూడా చెబుతాను, ఎందుకంటే మీకు అన్నిటికంటే పనికొచ్చే సంగతి బహుశా అదే.

ముందు ఈ పద్ధతి గురించి నాలుగు మాటలు. జపాన్‌లో దీన్ని కంగేకో అంటారు. ‘కన్’ అంటే చలి, ‘కేకో’ అంటే సాధన. అక్కడి పాత పంచాంగం ప్రకారం జనవరి 5, 6 తేదీల్లో ‘చిన్న చలి’ మొదలవుతుంది, 20 ప్రాంతంలో ‘పెద్ద చలి’ వస్తుంది, ఫిబ్రవరి 4 దగ్గర వసంతం మొదలైనట్టు లెక్క. మధ్యలో ఉన్న ఆ 30 రోజులనే ‘కన్’ అంటారు, ఏడాది మొత్తంలో గడ్డు రోజులవి. జిగోరో కానో 1882లో స్థాపించిన కొడొకాన్ జూడో కేంద్రంలో ఇప్పటికీ జనవరిలో పది రోజులు తెల్లవారుజామున కంగేకో జరుగుతుంది. కెండో (వెదురు కత్తులతో చేసే విద్య), కరాటే బడుల్లోనూ ఈ ఆచారం ఉంది. దీనికి జంటగా నడివేసవిలో, ఎండలు మండిపోయే రోజుల్లో, షోచూగేకో అని ఇంకొకటి పెడతారు. చైనా యుద్ధవిద్యల వాళ్లకీ ఇలాంటి సామెతే ఉంది: చలికాలంలో ‘మూడు తొమ్మిది’ రోజుల్లో సాధన చెయ్యి, వేసవిలో ‘మూడు ఫూ’ రోజుల్లో, అంటే ఎండలు ముదిరే మూడు విడతల్లో, సాధన చెయ్యి అని. డిసెంబరు 21, 22 తేదీల నుంచి తొమ్మిదేసి రోజులు లెక్కపెట్టుకుంటూ పోతే మూడో తొమ్మిది జనవరి రెండో వారంలో పడుతుంది. వాళ్ల చలి కూడా అప్పుడే ముదురుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. జపాన్‌లో ఈ ‘కన్’ రోజుల సాధన మల్లయోధులకే పరిమితం కాలేదు. పాటగాళ్లు ఆ నెలలోనే తెల్లవారకముందు గొంతెత్తి సాధన చేసేవాళ్లు. షమిసెన్ అనే తీగవాద్యం వాయించేవాళ్లు వేళ్లు కొంకర్లు పోతున్నా తీగలు మీటేవాళ్లు. అంటే ఈ పద్ధతి పుట్టింది దెబ్బలాటకి ఒళ్లు గట్టిపరచడానికి కాదు. ఏ విద్య అయినా సరే, శరీరం ‘ఈరోజుకి వద్దులే’ అని బతిమాలే రోజుల్లో దాన్ని చేసి చూడాలి అన్న ఆలోచన దాని వెనక ఉంది. చలికి జంటగా ఎండని కూడా పెట్టడంలో ఉన్న అర్థం కూడా అదే.

ఇక అసలు సంగతి.

చలిగాలి ఒంటికి తగిలిన మొదటి నిమిషంలో మీకేమవుతుందో గమనించండి. ఊపిరి ఒక్కసారిగా లోపలికి ఎగపీలుస్తారు, అక్కడే బిగబట్టేస్తారు. భుజాలు చెవులవైపు లేస్తాయి. మోచేతులు డొక్కలకి అతుక్కుంటాయి. పిడికిళ్లు వాటంతటవే మూసుకుంటాయి. దవడ బిగుస్తుంది, మెడ కుంచించుకుంటుంది, చూపు నేలకి దిగిపోతుంది. ఇప్పుడు మీకంటే బాగా బలమైనవాడి ఎదుట మొదటిసారి స్పారింగ్‌కి నిలబడిన రోజు గుర్తు తెచ్చుకోండి. అదే ఊపిరి. అవే భుజాలు. అదే చూపు.

ఈ పోలిక నేను కల్పించి చెబుతున్నది కాదు. చర్మం ఒక్కసారిగా చల్లబడితే గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది, ఊపిరి మన అదుపు తప్పి ఎగదన్నుతుంది. భయం పుట్టినప్పుడు శరీరంలో పనిచేసే హెచ్చరిక వ్యవస్థే ఇక్కడా పనిచేస్తుంది. తేడా ఏమిటంటే భయాన్ని కావాలన్నప్పుడు, కావలసినంత మోతాదులో తెచ్చుకోలేం. ఎదుటివాడు నిజంగా మనల్ని కొట్టాలని వస్తేనే అది వస్తుంది, వచ్చినప్పుడు నేర్చుకునే తీరిక మనకి ఉండదు. చలి అలా కాదు. ఎవరికీ దెబ్బ తగలకుండా, ఎవరి మీదా కోపం లేకుండా, రోజూ ఒకే వేళకి మీ శరీరాన్ని ఆ స్థితిలోకి తెస్తుంది. అప్పుడు మీరు చెయ్యాల్సిన పని ఒకటే: ఊపిరి వదలడం, భుజాలు దింపడం, చూపు పైకెత్తడం, ఆ తర్వాతే మొదటి పంచ్ వెయ్యడం.

నాకు 26 ఏళ్లప్పుడు ఒక జనవరి మొత్తం టోక్యోలోని ఒక చిన్న డోజోలో, అంటే సాధనశాలలో, గడిపాను. అక్కడి పెద్ద గురువుగారికి అప్పటికే 70 దాటాయి. చాపల మీద ఒట్టి కాళ్లతో నిలబడితే అరికాళ్లు మంటెత్తి, తర్వాత కొయ్యబారి, ఇక ఉన్నాయో లేవో తెలిసేది కాదు. మొదటి మూడు రోజులు నేను చలిని ‘ఓడించాలని’ చూశాను. అంటే పళ్లు బిగించి, ఒళ్లంతా రాయిలా చేసుకుని, గట్టిగా అరుస్తూ చేశాను. నాకైతే వీరుడిలా చేస్తున్నట్టే అనిపించింది. ఆయన మా వరస వెంట నడుస్తూ వచ్చి నా మెడకీ భుజానికీ మధ్య ఉన్న కండరాన్ని రెండు వేళ్లతో నొక్కి ‘ఇకి’ అనేవారు. ఇకి అంటే ఊపిరి. ఇంకేమీ చెప్పేవారు కాదు. పక్కవాడి దగ్గరికి వెళ్లిపోయేవారు. రోజూ అంతే. నొక్కడం, ఇకి అనడం.

ఆరో రోజో ఏడో రోజో, వరసలో నిలబడి వణుకుతూ, విసుగొచ్చి ఊపిరి పూర్తిగా వదిలేశాను. ఇంకేమీ మిగల్లేదు అన్నంతగా వదిలాను. భుజాలు వాటంతటవే జారాయి. చలి తగ్గలేదు, అంతే ఉంది. కానీ చలికీ నాకూ మధ్య కొంచెం చోటు దొరికినట్టయింది. ఆ రోజు నా ఉచికోమి, అంటే ఎదుటివాడిని పడెయ్యకుండా లోపలికి దూరే కదలికని పదే పదే చేసే సాధన, మొదటిసారి మెత్తగా సాగింది. నాతో జోడీ కట్టినవాడు కూడా గమనించి తల ఊపాడు.

అది ఎందుకు ముఖ్యమో అర్థం కావడానికి నాకు ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఒక పోటీలో నాకంటే 12 కిలోలు ఎక్కువ బరువున్నవాడు కాలర్ పట్టుకుని నా తలని కిందకి వంచేశాడు. భుజాలు లేచాయి, ఊపిరి ఆగింది. వెంటనే నేను అడక్కుండానే ఊపిరి బయటికి పోయింది, భుజాలు దిగాయి. ఆ మ్యాచ్ నేను ఓడిపోయాను. కానీ చివరి సెకను దాకా కళ్లు తెరుచుకుని, ఏం జరుగుతోందో చూస్తూ ఓడిపోయాను. అంతకుముందు ఓడిపోయినవన్నీ ఊపిరి బిగబట్టి, ఏం జరిగిందో తెలియకుండా ఓడిపోయినవే.

కాబట్టి నా అనుభవంలో చలి సాధన విలువలో ముప్పాతిక భాగం మొదటి పది పదిహేను నిమిషాల్లోనే ఉంది. ఒళ్లు వెచ్చబడ్డాక అది మామూలు సాధనే. గంటసేపు కదలకుండా నిలబెట్టి వణికించే గురువులను నేను చూశాను. దానివల్ల వచ్చేది ఏమీ లేదు. వణుకు కండరాలలో దాచుకున్న ఇంధనాన్ని తినేస్తుంది, ఆ తర్వాత చేసే సాధన నీరసంగా సాగుతుంది. మీ గురువుగారు అలా చేస్తారేమో నాకు తెలియదు. చేస్తే మాత్రం మర్యాదగానే, ఎందుకని అడగండి.

చలి ఏం ఇవ్వదో కూడా చెప్పుకుందాం, ఎందుకంటే ఈ విషయంలో అపోహలు చాలా ఉన్నాయి.

దమ్ము పెరగదు. పరుగు, రౌండ్లు, సరిపడా తిండి, నిద్ర, వీటివల్ల పెరిగే దమ్ము చలి వల్ల అదనంగా పెరగదు. వేడిలో సాధన చేస్తే కొన్ని రోజుల్లోనే రక్తంలో ద్రవభాగం పెరిగి, గుండె మీద భారం తగ్గుతుంది. చలి అలాంటి పెద్ద మార్పేదీ తీసుకురాదు. పైగా చల్లబడ్డ కండరం బలహీనపడుతుంది. కండరం లోపలి ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తగ్గితే అది ఒక్క ఊపున చూపే శక్తి సుమారు 3 నుంచి 5 శాతం దాకా తగ్గుతుంది. నరాలలో సంకేతాలు నడిచే వేగం కూడా తగ్గుతుంది. అందుకే చలిలో మీ కిక్ మందకొడిగా ఉంటే అది మీ లోపం అనుకుని బెంబేలు పడకండి, శరీరధర్మం అంతే. వేళ్ల సంగతి ఇంకా కష్టం. వేలి చర్మం 15 డిగ్రీల కంటే చల్లబడితే నాజూకు పనులు చెయ్యడం కష్టమవుతుంది, ఇంకా కిందకి 8 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి స్పర్శే మొద్దుబారిపోతుంది. జూడోలో కాలర్ పట్టు పట్టేవాళ్లకి ఇది వెంటనే తెలిసిపోతుంది. కరాటేలో అయితే పిడికిలి సరిగ్గా మూసుకుందో లేదో తెలియకుండానే ప్యాడ్‌ని కొట్టేస్తాం, మణికట్టు మడతపడుతుంది.

మరి చలికి అలవాటు పడటం అనేది లేదా? ఉంది, కానీ అది మనం అనుకునే రకం కాదు. చన్నీళ్లలో రెండు మూడు నిమిషాల చొప్పున ఐదారుసార్లు మునిగితే చాలు, ఆ మొదటి ఎగశ్వాస బాగా తగ్గుతుంది, ఆ అలవాటు కొంతవరకు నెలల తరబడి నిలుస్తుంది కూడా. శరీరం ‘ఇది ప్రమాదం కాదు’ అని గుర్తుపెట్టుకుంటుంది. దాదాపు నేను పైన చెప్పిన పాఠమే ఇది. మీ పది రోజులకి ఈ మార్పు రావడం సాధ్యమే. నాలుగో రోజో ఐదో రోజో గుమ్మం దాటగానే వచ్చే ఆ ఉలికిపాటు తగ్గినట్టు మీకే తెలుస్తుంది.

లోతైన అలవాటుకి మాత్రం ఏళ్లు పడుతుంది, పోవడానికి అంతకంటే తక్కువ కాలం చాలు. కొరియా సముద్రంలో ఊపిరి బిగబట్టి మునిగి శంఖాలు, నత్తలు ఏరే హెన్యో స్త్రీల కథ దీనికి మంచి ఉదాహరణ. వాళ్లు పూర్వం ఒట్టి నూలు బట్టలతో, చలికాలంలో 10 డిగ్రీల ప్రాంతపు నీళ్లలో రోజూ పనిచేసేవాళ్లు. వాళ్ల శరీరాలు మామూలు మనుషుల కంటే ఆలస్యంగా వణికేవి, వేడిని బాగా దాచుకునేవి. 1970ల చివర వాళ్లు రబ్బరు వెట్‌సూట్‌లకి మారారు. తర్వాతి కొద్ది సంవత్సరాల్లో పరిశీలిస్తే ఆ ప్రత్యేకతలన్నీ ఒక్కొక్కటిగా పోయాయి. తరతరాలుగా అదే పని చేసినవాళ్ల పరిస్థితే అది. మనం పది రోజుల్లో చలి మనుషులం అయిపోతామనుకోవడం అత్యాశ.

ఇప్పుడు నా తప్పు సంగతి.

నేర్పడం మొదలుపెట్టిన రెండో ఏడాది. బయట సున్నాకి దగ్గరగా ఉంది. వచ్చినవాళ్లందరూ గజగజ వణుకుతున్నారు. ‘పట్టుకుంటే వెచ్చబడతారులే’ అనుకుని, ఐదు నిమిషాల వామప్ చేయించి నేరుగా రండోరికి, అంటే స్వేచ్ఛగా పట్టుకునే పోరుకి, వదిలేశాను. మూడో నిమిషంలో ఒక 19 ఏళ్ల కుర్రాడు త్రో వెయ్యబోయి ఒంటికాలి మీద గిర్రున తిరిగాడు. పిక్క దగ్గర ఎవరో వెనక నుంచి తన్నినట్టు అనిపించిందన్నాడు. పిక్క కండరం చీలింది. ఏడు వారాలు సాధన పోయింది. అతను నన్ను ఒక్క మాట కూడా అనలేదు, ‘నేనే సరిగ్గా తిరగలేదు సార్’ అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది. అతను సరిగ్గానే తిరిగాడు. నేనే తొందరపడ్డాను.

అప్పటి నుంచి నా సాధన క్రమం మారిపోయింది. తొడ కండరం మామూలుగా 35, 36 డిగ్రీల దగ్గర ఉంటుంది. కదలడం మొదలుపెట్టిన మొదటి ఐదు నిమిషాల్లో గబగబా వేడెక్కుతుంది, 10 నుంచి 20 నిమిషాల మధ్య ఒక స్థాయికి చేరి నిలకడగా ఉంటుంది. అది వెచ్చని గదిలో లెక్క. చలిలో ఇంకొంచెం ఎక్కువ సమయం ఇవ్వాలి. అందుకని నేను 25 నిమిషాలు ఇస్తాను. మొదటి పది నిమిషాలు బట్టలన్నీ ఒంటి మీదే ఉంచి, ఊపిరి మీద దృష్టి పెట్టి మెల్లగా చేసే పనులు: నడక, చిన్న పరుగు, నిలబడి నెమ్మదిగా పంచ్‌లు, సగం వేగంతో కటా, అంటే ఒక వరసలో చేసే కదలికల సాధన. ఈ పది నిమిషాల్లోనే భుజాల పాఠం అంతా ఉంటుంది కాబట్టి నేను మాట్లాడను, వరస వెంట నడుస్తాను. ఆ పెద్దాయనలాగే భుజాలు నొక్కుతుంటాను. తర్వాత పదిహేను నిమిషాలు వేగం పెంచుకుంటూ పోయి, చివర్లో మూడు నాలుగుసార్లు పూర్తి వేగంతో చిన్న చిన్న దూకుళ్లు. అప్పుడే కిక్‌లు, త్రోలు, జోడీ పనులు. కండరాన్ని సాగదీసి పట్టుకునే వ్యాయామాలు మొదట్లో పెట్టను, చివరికి వదిలేస్తాను. చల్లటి కండరాన్ని లాగిపట్టుకోవడం వల్ల లాభం లేదు.

మధ్యలో ఆగడం ఇంకో పెద్ద ప్రమాదం. చెమట పట్టిన ఒంటితో పది నిమిషాలు నిలబడి గురువు ఉపన్యాసం వింటే అప్పటిదాకా తెచ్చుకున్న వేడంతా పోతుంది. తడి బట్ట చలిని ఆపలేదు. ఆరుబయట గాలి కూడా ఉంటే మరీ త్వరగా చల్లబడతాం. అందుకే చలిలో చెప్పాల్సినవన్నీ ముందే, లోపల, వెచ్చగా ఉన్నప్పుడు చెప్పేసి బయటికి తీసుకెళ్లాలి. బయట అడుగడుగునా ఆపి దిద్దడం ఉండకూడదు. దిద్దాల్సినవి మనసులో పెట్టుకుని తర్వాత చెబుతాను.

పొరలు పొరలుగా బట్టలు వేసుకోవడం సిగ్గుపడాల్సిన పని కాదు. గీ (సాధనకి వేసుకునే దుస్తులు) లోపల చెమటని పీల్చి బయటికి పంపే పలచని చొక్కా వేసుకోండి, దళసరి నూలు బనియను వద్దు. తలకి, మెడకి ఏదైనా చుట్టుకోండి, ఒళ్లు వెచ్చబడ్డాక తీసెయ్యొచ్చు. సాధన అయిన క్షణమే తడి బట్టలు మార్చేసుకోండి. కబుర్లు ఆ తర్వాత. నేను చూసిన జలుబులు, వణుకులు, మర్నాటి నడుం పట్టేసుకోవడాలు దాదాపు అన్నీ సాధన అయ్యాక తడి గీతో నిలబడి కబుర్లాడినవాళ్లకే వచ్చాయి. ఇంకొకటి, చలిలో దాహం తెలియదు, మూత్రం మాత్రం ఎక్కువ వస్తుంది. కాబట్టి దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగండి.

ఒట్టి కాళ్ల విషయంలో నా మాట కొంచెం కఠినంగానే ఉంటుంది. చెక్క నేల మీదో, చాపల మీదో అయితే సరే. నేలని పట్టుకునే స్పర్శ పాదానికి కావాలి, ఆ సంప్రదాయానికి అర్థం ఉంది. గడ్డకట్టిన నేల మీద, మంచు మీద, కాంక్రీటు మీద అరగంట గంట ఒట్టి కాళ్లతో అంటే ఒప్పుకోను. ముందు నొప్పి, తర్వాత మంట, ఆ తర్వాత ఏమీ తెలియకపోవడం, ఇదీ వరస. ఏమీ తెలియకపోవడం దగ్గరికి వచ్చారంటే మీరు గెలిచినట్టు కాదు, పాదం మీతో మాట్లాడటం మానేసిందని అర్థం. స్పర్శ పోయిన పాదంతో తిరిగితే బొటనవేలు మడతపడినా తెలియదు. కాలివేళ్లు తెల్లగా, మైనంలా కనిపిస్తే వెంటనే లోపలికి వెళ్లి మెల్లగా వెచ్చబరచాలి. రుద్దకూడదు, నిప్పు దగ్గర పెట్టకూడదు. అడుగు పలచగా ఉండే బూట్లు వేసుకుని చేస్తే మీ కరాటేకి ఏ లోటూ రాదు.

మీ ఆస్తమా గురించి. చల్లటి గాలి పొడిగా ఉంటుంది. వేగంగా నోటితో పీల్చినప్పుడు గాలిగొట్టాల లోపలి తడి ఆరిపోయి అవి ముడుచుకుంటాయి. ఈ ఇబ్బంది చాలాసార్లు సాధన చేస్తుండగా కంటే ఆపేసిన 5 నుంచి 15 నిమిషాల మధ్య ఎక్కువగా కనిపిస్తుంది. ఆ సమయానికి అందరూ ఇళ్లకి వెళ్లిపోతుంటారు, మీరు ఒంటరిగా ఉంటారు. సాధన ఆపేశాక 20 నిమిషాలు ఎవరైనా తోడు ఉండేలా చూసుకోండి. మీ శిబిరం మొదలయ్యేలోపు డాక్టరుని కలిసి, సాధనకి ముందు ఇన్‌హేలర్ వాడాలా, ఎంతసేపటి ముందు వాడాలా అని అడిగి రండి. వామప్‌లో ఆగి ఆగి చిన్న చిన్న పరుగులు పెట్టుకుంటే ఇలాంటి ఇబ్బంది ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి తర్వాత గంటా రెండు గంటల పాటు గొట్టాలు అంతగా ముడుచుకోవు, ఇది మీకు బాగా పనికొస్తుంది. ముక్కుతో పీల్చండి. నోటి మీద ఒక పలచని గుడ్డో మఫ్లరో కప్పుకుంటే మీరు వదిలిన ఊపిరిలోని తడి, వెచ్చదనం తిరిగి మీకే అందుతాయి. రెండు రోజులు వరసగా రాత్రిపూట దగ్గు వచ్చినా, ఛాతీ బిగుసుకున్నట్టు అనిపించినా మూడో రోజు వెళ్లకండి.

గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవాళ్లు డాక్టరు ఒప్పుకోకుండా ఇలాంటి సాధనకి రాకూడదు. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది, ఆ మీద ఒక్కసారి గట్టి శ్రమ పెడితే ప్రమాదం. చలికి వేళ్లు తెల్లగా పాలిపోయి నొప్పెట్టే రేనో జబ్బు ఉన్నవాళ్లూ అంతే. చిన్నపిల్లలని పెద్దలతో సమానంగా నిలబెట్టకండి, వాళ్ల శరీరం చిన్నది కాబట్టి వేడి త్వరగా పోతుంది.

మీరు అడగకపోయినా ఒక మాట. ఈమధ్య చాలామంది చలి సాధన అంటే మంచునీళ్ల తొట్టి అనుకుంటున్నారు. జలపాతం కింద నిలబడి చేసే మిసొగి అనే శుద్ధిని చూసి దాన్ని మల్లయుద్ధానికి అంటగడుతున్నారు. గాలి వేరు, నీళ్లు వేరు. నీళ్లు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. నీళ్లలో దిగేముందు వేగంగా, లోతుగా ఊపిరి పీల్చి వదిలే పద్ధతులు కొందరు నేర్పుతారు. నేల మీద పడుకుని చేస్తే అది వాళ్ల ఇష్టం, కానీ నీళ్లలోనో నీళ్ల ఒడ్డునో చెయ్యకండి. స్పృహ తప్పేముందు ఏ హెచ్చరికా రాదు, మనుషులు మునిగిపోయారు. ఇక బలం పెంచే వ్యాయామం చేసిన వెంటనే మంచునీళ్లలో కూర్చుంటే కండ బాగా పెరుగుతుందన్నది కూడా తప్పే. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో 12 వారాలు బరువులు ఎత్తినవాళ్లలో, ప్రతిసారీ పది నిమిషాలు చన్నీళ్లలో కూర్చున్నవాళ్లకి కండ, బలం రెండూ తక్కువే పెరిగాయి. ఒకే రోజు రెండుసార్లు పోటీ పడాల్సి వస్తే చన్నీళ్లు అలసట తీర్చుకోవడానికి పనికొస్తాయి, రోజువారీ అలవాటుగా అక్కర్లేదు.

ఎప్పుడు ఆపాలో మీ అంతట మీకు తెలియదు, అదే చలిలో ఉన్న మోసం. లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందకి జారుతుంటే మొదట దెబ్బతినేది మన బుద్ధే. అందుకే జోడీలుగా ఉండి ఒకరిని ఒకరు కనిపెట్టుకోండి. మాట ముద్దముద్దగా వస్తోందా, చేతిలోది జారిపోతోందా, అడుగు తడబడుతోందా, ఊరికే విసుక్కుంటున్నాడా, అప్పటిదాకా వణికినవాడు వెచ్చబడకుండానే వణకడం ఆపేశాడా. వీటిలో ఏది కనిపించినా చర్చలు పెట్టకుండా లోపలికి తీసుకెళ్లండి. నా దగ్గర దీనికి ఒక్కటే నియమం: జోడీగా ఉన్నవాడు ‘చాలు’ అంటే చాలు, గురువు కూడా కాదనకూడదు.

ఈ పది రోజుల్లో ఇంకో విలువ కూడా ఉంది, దాని గురించి ఎక్కువ చెప్పను, మీరే చూస్తారు. జపాన్‌లో కంగేకోకి ఒక్కరోజు కూడా మానకుండా వచ్చినవాళ్లకి ప్రత్యేకంగా గుర్తింపు ఇచ్చే ఆచారం ఉంది. ఎవరు బాగా చేశారు, ఎవరు బాగా కొట్టారు అన్నది చూడరు. వచ్చారా లేదా, అంతే చూస్తారు. మొదటి రోజు ఉత్సాహం ఉంటుంది, పదో రోజు పండగలా ఉంటుంది. నాలుగు నుంచి ఏడు దాకా ఎవరికీ ఏ ఉత్సాహమూ ఉండదు. చీకట్లో లేచి వచ్చి, పక్కన నిలబడ్డవాడి ఊపిరి పొగలా వస్తుంటే చూస్తూ నిలబడటం తప్ప ఏమీ ఉండదు. ఆ నాలుగు రోజులు వచ్చినవాళ్లలో చాలామందిని నేను పదేళ్ల తర్వాత కూడా చాపల మీద చూశాను. అయితే మీ విషయంలో ఛాతీ బిగుసుకుని ఒక రోజు మానితే అది లెక్కలోకి రాదు. మానిన రోజు కూడా అదే వేళకి లేచి, లోపలే, పది నిమిషాలు కటా నెమ్మదిగా చేసుకోండి.

మీ గురువుగారితో ఏం చెప్పాలి అని కూడా అడిగారు కదా. ఉన్నదున్నట్టు చెప్పండి, అందరి ముందూ కాకుండా, మొదలయ్యే వారం ముందే. ‘సార్, నాకు ఆస్తమా ఉంది. డాక్టరుని కలిశాను. మెడకి గుడ్డ కట్టుకుంటాను, వామప్ కొంచెం ముందే మొదలుపెట్టుకుంటాను, అవసరమైతే మధ్యలో పక్కకి వెళ్తాను’ అని చెబితే చాలు. మంచి గురువు సంతోషిస్తాడు, ఎందుకంటే తన శరీరం గురించి తెలిసిన శిష్యుడికి నేర్పడం తేలిక. ఒకవేళ ఆయన ‘ఇవన్నీ పిరికితనం’ అంటే, ఆ పది రోజులూ వెళ్లకండి. మిగతా ఏడాదంతా ఆయన దగ్గర నేర్చుకోండి, అందులో తప్పు లేదు.

చివరగా ఒక చిన్న సంగతి, చాలామంది మర్చిపోయేది. ఇన్‌హేలర్‌ని సంచిలో పెట్టి బయట గోడ దగ్గర వదిలెయ్యకండి. బాగా చల్లబడితే నొక్కినప్పుడు అందులోంచి మందు సరిగ్గా రాదు. గీ లోపలి చొక్కాకి ఒక జేబు కుట్టించుకుని ఒంటికి ఆనుకునేలా పెట్టుకోండి. అది ఎక్కడుందో మీ జోడీకి మొదటి రోజే చూపించండి.